ఇసాండ్ల్వానాలో చనిపోయిన లెఫ్టినెంట్ మెడల్ అమ్మకానికి వచ్చింది, కొనచ్చా?

డర్బన్ నుంచి అడిగిన మిత్రులకి నమస్తే. మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు ఇసాండ్ల్వానా యుద్ధభూమి చూసొచ్చారు, 1879లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ సైన్యం జులుల చేతిలో ఓడిన చోటు అది. తర్వాత పాత సామాన్లు అమ్మే ఒకాయన మీకో వెండి మెడల్ చూపించాడు. ఒకవైపు విక్టోరియా రాణి తల, రెండోవైపు వంగి ఉన్న సింహం, రిబ్బన్ మీద '1879' అని చిన్న వెండి పట్టీ. అంచున ఓ లెఫ్టినెంట్ పేరు, 24వ రెజిమెంట్ మొదటి బెటాలియన్ అని. "ఆ యుద్ధంలో పోయిన ఆఫీసర్‌ది సార్, అక్కడే మట్టిలో దొరికింది" అన్నాడు. యుద్ధం పేరు మెడల్ మీద ఎందుకు లేదు, చనిపోయినవాడికి మెడల్ ఎవరిస్తారు, కొనచ్చా అన్నవి మీ సందేహాలు.

కొనకండి. కనీసం ఆ కథకి డబ్బు పెట్టకండి. మెడల్ అసలుదే అయ్యుండొచ్చు, కథ మాత్రం కాదు. యుద్ధం జరిగింది 1879 జనవరి 22న. ఈ మెడల్ ఇవ్వాలని లండన్‌లో ఉత్తర్వు వచ్చింది 1880లో. ఆ లెఫ్టినెంట్ పోయేనాటికి ఈ మెడల్ పుట్టనే లేదు. ఇంక అది ఆయన కోటు మీద ఉండటమేంటి, ఊడి పడటమేంటి, మట్టిలో దొరకటమేంటి? ఆ నేలలో దొరికేవి వేరు: మార్టినీ-హెన్రీ తుపాకుల ఖాళీ తూటాలు, గుండీలు, బెల్టు బకిల్స్, అలాంటివి. అవైనా ఏరుకోకూడదు, ఎవరన్నా ఏరి అమ్మినా కొనకూడదు. 1999 నాటి దక్షిణాఫ్రికా వారసత్వ చట్టం ప్రకారం అలాంటి చోటు నుంచి అనుమతి లేకుండా వస్తువు కదిలించడం నేరం. వ్యాపారి మాట నిజమైతే చట్టం దృష్టిలో తప్పు, అబద్ధమైతే మీకు టోపీ. రెండింట్లో ఏదీ మనకొద్దు.

ఇక అసలు విషయాలు. ముందు ఒకటి తెలుసుకోండి. ఇది సాహసానికి ఇచ్చే పతకం కాదు. దండయాత్రలో పాల్గొన్న ప్రతివాడికీ ఇచ్చేది. తుపాకీ పేల్చినవాడికీ, వంటసామాను బండి తోలిన సోల్జర్‌కీ, కల్నల్‌కీ, బ్యాండులో డ్రమ్ము కొట్టే కుర్రాడికీ అదే వెండి, అదే సైజు. 1877-79 మధ్య దక్షిణాఫ్రికాలో జరిగిన పోరాటాలన్నిటికీ కలిపి ఇది ఒక్కటే మెడల్, 30 వేలకు పైగా ఇచ్చారు. అన్ని వేలల్లో ఏదో ఒకటి మన చేతికి రావడం వింత కాదు. అంచు మీది పేరే దాన్ని మిగతా వేల నుంచి విడదీస్తుంది. సామాన్య సిపాయి పేరుంటే ఒక ధర. అదే సిపాయి ఇసాండ్ల్వానాలో పోయినవాడైతే దానికి ఎన్నో రెట్లు. పోయినవాడు ఆఫీసరైతే ఇంక చెప్పక్కర్లేదు. ఆ రోజు బ్రిటిష్ పక్షాన పోయిన 1,300 పైచిలుకు మందిలో ఆఫీసర్లు 52 మంది, వాళ్ళలో 24వ రెజిమెంట్ వాళ్ళు 21 మంది, అందులో మొదటి బెటాలియన్ వాళ్ళు 16 మంది. అంటే మీకు చూపించిన రకం మెడల్ ప్రపంచం మొత్తం మీద 16కి మించి ఉండే అవకాశమే లేదు. కమాండర్ పుల్లీన్‌తో మొదలుపెట్టి పేమాస్టర్, క్వార్టర్‌మాస్టర్‌ల దాకా ఆ 16 పేర్లూ అందరికీ తెలిసినవే. మీ అంచు మీది పేరు వాటిలో లేకపోతే కథ అక్కడితో సరి. ఉంటేనే అసలు పని మొదలు.

చనిపోయినవాడికి మెడల్ ఎవరిస్తారు? దీనికి జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1803 సెప్టెంబరు 23న మన దక్కన్‌లోనే అస్సాయే దగ్గర వెల్లెస్లీ మరాఠాలతో తలపడ్డాడు. తెలుగు సిపాయిలు కూడా ఉండే మద్రాసు పటాలాలు అందులో ఉన్నాయి. ఆ పోరుకి మెడల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1851లో. 'ఆర్మీ ఆఫ్ ఇండియా' మెడల్ అని, 1803 నుంచి 1826 దాకా జరిగిన యుద్ధాలకి కలిపి. అదీ అప్పటికి బతికి ఉండి అర్జీ పెట్టుకున్నవాళ్ళకే. అస్సాయేలో అశ్విక దళాన్ని నడిపిస్తూ చనిపోయిన కల్నల్ ప్యాట్రిక్ మాక్స్‌వెల్ పేరుతో ఆ మెడల్ లేదు, ఉండదు. ఎవరైనా చూపిస్తే నకిలీ అని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. విక్టోరియా పాలన రెండో సగానికి వచ్చేసరికి పద్ధతి మారింది. చనిపోయినవాళ్ళ పేర్లు కూడా రెజిమెంట్ రోల్‌లో, అంటే మెడల్‌కి అర్హుల జాబితాలో, ఎక్కించి, మెడల్ దగ్గరి బంధువులకి పంపేవాళ్ళు. కాబట్టి ఇసాండ్ల్వానాలో పోయిన ఆఫీసర్ మెడల్ పుట్టుకతోనే ఇంగ్లండులోనో ఐర్లండులోనో ఒక తల్లికో భార్యకో చేరిన వస్తువు. ఆఫ్రికా మట్టి దానికి తగల్లేదు.

ఈ సంగతి మెడల్ చూసేటప్పుడు పనికొస్తుంది. పోయినవాడు దాన్ని ఎప్పుడూ పెట్టుకోలేదు కదా. పదేళ్ళు పరేడ్‌లలో పెట్టుకున్న మెడల్‌కి రాణి చెంప అరిగిపోతుంది, పక్క మెడల్‌కి తగిలి చిన్న చిన్న గుంటలు పడతాయి. పోయినవాడి మెడల్ మామూలుగా కొత్తగానే ఉంటుంది, సింహం జూలు వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇంట్లో పనివాళ్ళు అరవై ఏళ్ళు తోమి తోమి అరగదీసిన సందర్భాలూ ఉన్నాయి, అది వేరే రకం అరుగుదల, నున్నగా ఉంటుంది, గుంటలుండవు. ఇంకో మాట. డిన్నర్ సూటు మీద పెట్టుకునే బుల్లి మెడల్, మినియేచర్ అంటారు, అది కూడా ఉందని అమ్మేవాడు చూపిస్తే హాయిగా నవ్వుకోండి. మెడల్ పుట్టకముందే పోయిన మనిషి డిన్నర్‌కి ఎక్కడికి వెళ్తాడు?

యుద్ధం పేరు ఎందుకు లేదన్నదానికి ఇంటర్నెట్‌లో ఒక జవాబు బాగా తిరుగుతోంది: "ఓడిపోయారు కాబట్టి సిగ్గుతో దాచారు" అని. వినడానికి బాగుంటుంది కానీ ఇక్కడ నప్పదు. ఈ మెడల్‌కి ఏ యుద్ధం పేరుతోనూ పట్టీ లేదు. అదే రోజు సాయంత్రం మొదలై 11 విక్టోరియా క్రాస్‌లు (సాహసానికి బ్రిటన్ ఇచ్చే అన్నిటికన్నా పెద్ద పతకం) తెచ్చిపెట్టిన రోర్క్స్ డ్రిఫ్ట్ పేరూ లేదు, జులు రాజ్యాన్ని కూలదోసిన 1879 జులై 4 నాటి ఉలుండి పేరూ లేదు. పట్టీ మీద ఉండేవి సంవత్సరాలే: 1877, 1877-8, 1877-9, 1877-8-9, 1878, 1878-9, 1879. ఒక మనిషికి ఒకే పట్టీ. యుద్ధం మొదలయ్యాక జులు రాజ్యం పక్కనున్న బ్రిటిష్ వలస ప్రాంతం నేటాల్‌లోనే ఉండి సరిహద్దు దాటని వాళ్ళకి పట్టీ లేకుండా ఉత్త మెడల్.

ఓటమిని పట్టీ దగ్గర పక్కనపెట్టిన ఉదాహరణ కావాలంటే ఆఫ్ఘన్ మెడల్ చూడండి. 1878-80 యుద్ధానికి అలీ మస్జిద్, పేవార్ కోటల్, చరాసియా, కాబుల్, అహ్మద్ ఖేల్, కాందహార్ అని యుద్ధాల పేర్లతోనే పట్టీలిచ్చారు. 1880 జులై 27న మైవంద్‌లో అయూబ్ ఖాన్ చేతిలో చిత్తుగా ఓడారు, దానికి పట్టీ లేదు. 66వ రెజిమెంట్‌ని నడిపించిన లెఫ్టినెంట్ కల్నల్ గాల్‌బ్రెయిత్ అక్కడే పోయాడు, బొంబాయి గ్రెనేడియర్లు, జాకబ్స్ రైఫిల్స్‌కి చెందిన మన సిపాయిలు వందల్లో పోయారు. వాళ్ళ పేర్లున్న మెడల్‌కి కాందహార్ పట్టీ తగిలించి అమ్ముతుంటారు కొందరు తెలివైనవాళ్ళు. కాందహార్ పట్టీ 1880 సెప్టెంబరు 1 నాటి యుద్ధానిది. జులైలో పోయినవాడు సెప్టెంబరులో యుద్ధం చెయ్యడు. నకిలీ చేసేవాళ్ళకి వెండి పని వచ్చినంత బాగా తేదీలు రావు, మనకి అదే ఆధారం.

ఇదే లెక్క మీ మెడల్‌కి వేయండి. 24వ రెజిమెంట్ మొదటి బెటాలియన్ జులు యుద్ధం కోసం కొత్తగా దిగిన దళం కాదు. అంతకుముందే 1877-78లో తూర్పు కేప్‌లో ఖోసా తెగలతో జరిగిన సరిహద్దు యుద్ధంలో ఉంది. పుల్లీన్ ఆ రోజుల్లో 'పుల్లీన్స్ రేంజర్స్' అని వలంటీర్ల దళమే కట్టాడు. అందుకే ఆ బెటాలియన్ ఆఫీసర్ల మెడల్ మీద సాధారణంగా కనిపించేది 1877-8-9. మీకు చూపించినదాని మీద ఉత్త 1879 ఉంది. ఇంతమాత్రాన నకిలీ అని తేల్చను, ఆలస్యంగా వచ్చి చేరిన కుర్ర ఆఫీసర్ అయ్యుండొచ్చు, రోల్ చూడకుండా చెప్పలేం. కానీ నా చెయ్యి మాత్రం జేబులోంచి బయటికి రాదు.

ఇక మెడల్‌ని చేతిలోకి తీసుకోండి. సింహం ఒక పొద ముందు తల వంచి ఉంటుంది, పైన ఆంగ్లంలో దక్షిణాఫ్రికా అని పేరు. కింద గీత దిగువన ఏముందో చూడండి. అక్కడ 1853 అని అంకెలుంటే అది పాత మెడల్, అంతకుముందు తరం కేప్ యుద్ధాలది. 1880లో అదే అచ్చు తీసుకుని, ఆ తేదీ చోట ఒక జులు డాలు, వెనక అడ్డంగా ఈటెలు పెట్టారు. పాతదానికి కొత్త పట్టీ తగిలించిన జోడింపులు నేను బాగానే చూశాను. రిబ్బన్ బంగారు-నారింజ రంగు మీద ముదురు నీలం చారలు, రెండు వెడల్పువి, రెండు సన్ననివి. రిబ్బన్ మాత్రం ఎవరైనా ఎక్కడైనా కొనుక్కోవచ్చు, దాన్ని చూసి నమ్మకం పెంచుకోకండి.

అసలు కథంతా అంచు మీదే. ఒక మంచి కంసాలి భూతద్దం, ఒక వెర్నియర్ కాలిపర్ ఉంటే చాలు. ఈ మెడల్‌పై పేర్లు పెద్దబడి అక్షరాల్లో చెక్కి ఉంటాయి, ఆ గాళ్ళలో నల్లటి రంగు నిలిచి ఉంటుంది. పాత 1853 రకంలో చెక్కడం కాదు, ముద్ర కొట్టేవాళ్ళు. ఎవరో మామూలు సిపాయి పేరు చెరిపేసి ఆఫీసర్ పేరు చెక్కాలంటే ముందు అంచుకి ఆకురాయి పెట్టాలి. ఆకురాయి పెడితే వెండి పోతుంది. మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకవైపు నుంచి 36, కాస్త తిప్పి కొలిస్తే 35.6 వచ్చిందంటే అక్కడెవరో చెయ్యి పెట్టారు. అంచుని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. పేరున్న భాగం మిగతా అంచు కన్నా చదునుగా, మెరుపుగా, సన్నటి గీతలతో కనిపిస్తే మెడల్ తిరిగిచ్చేసి, టీ తాగి వచ్చెయ్యండి. హోదా, పేరు ఒకరి చేతి చెక్కడంలా, రెజిమెంట్ అంకె ఇంకొకరిదిలా ఉన్నా అంతే. సగం చెరిపేవాళ్ళు ఎక్కువ. రెజిమెంట్ ఎలాగూ అసలుదే అయితే పేరు మాత్రం మార్చేస్తే సరిపోతుందనుకుంటారు.

అంచు బాగుందనిపిస్తే అప్పుడు కాగితం. ఈ మెడల్ రోల్స్ లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ ఓ 100 అనే వరుసలో ఉన్నాయి, స్కాన్ చేసిన ప్రతులు యాన్సెస్ట్రీ సైట్‌లో దొరుకుతాయి. పేరు, హోదా, ఏ పట్టీకి అర్హుడు అన్నవి మూడూ మెడల్‌తో కలవాలి. తర్వాత వేల్స్‌లోని బ్రెకన్‌లో ఉన్న రెజిమెంట్ మ్యూజియంకి ఒక ఉత్తరం రాయండి. 24వ రెజిమెంట్ వస్తువులు అక్కడికి చాలా చేరాయి. మీ లెఫ్టినెంట్ అసలు మెడల్ వాళ్ళ అద్దాల బీరువాలోనే కూర్చుని ఉంటే మీ శ్రమ అక్కడితో తీరిపోతుంది.

మీరు చివర్లో మెల్విల్, కాగ్‌హిల్ గురించి కూడా అడిగారు: 1879లో పోతే విక్టోరియా క్రాస్ 1907లో ఎందుకు ఇచ్చారని. ఇది మెడల్ లోకంలో నాకు బాగా నచ్చే గొడవ. టెయిన్‌మత్ మెల్విల్ 24వ రెజిమెంట్ మొదటి బెటాలియన్ అడ్జుటెంట్, అంటే కమాండర్‌కి సహాయకుడైన ఆఫీసర్. శిబిరం కూలిపోతుండగా రాణి జెండా పట్టుకుని గుర్రం మీద బఫెలో నది వైపు వచ్చాడు, జులులు మ్జిన్యాతి అనే నది అది. వానలకి నది పొంగుతోంది. మెల్విల్ గుర్రం చెయ్యి జారింది, జెండాతో సహా నీళ్ళలో ఒక బండని పట్టుకుని వేలాడాడు. నెవిల్ కాగ్‌హిల్‌కి మోకాలు దెబ్బ తిని ఉంది, సరిగా నడవలేడు. అతను అప్పటికే గుర్రంతో అవతలి ఒడ్డు చేరిపోయాడు. మెల్విల్‌ని చూసి మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. గుర్రం కాల్పుల్లో పోయింది. జెండా కొట్టుకుపోయింది. ఇద్దరూ ఒడ్డెక్కి కొంతదూరం కొండ ఎక్కాక దొరికిపోయారు. మూడు రోజులు బతికుంటే కాగ్‌హిల్‌కి 27 నిండేవి. ఫిబ్రవరి 4న వాళ్ళ శవాలు వెతికి అక్కడే పాతిపెట్టారు, జెండా కూడా నదిలో దొరికింది. ఇప్పుడది బ్రెకన్ కెథీడ్రల్‌లో ఉంది.

విక్టోరియా క్రాస్ మొదలైన 1856 నుంచీ చనిపోయినవాళ్ళకి ఇవ్వని ఆనవాయితీ. అందుకని 1879 మేలో లండన్ గెజిట్‌లో, బతికుంటే వీళ్ళిద్దరినీ సిఫార్సు చేసేవాళ్ళం అని ఒక ముక్క వేసి ఊరుకున్నారు. అదే రోజు అదే నదిలో మునిగిపోతున్న తోటి సిపాయిని ఒడ్డుకి చేర్చి తానూ బయటపడ్డ 80వ రెజిమెంట్ ప్రైవేట్ శామ్యూల్ వాసల్‌కి మాత్రం క్రాస్ వచ్చింది. తేడా అల్లా అతను బతికాడు. తర్వాత బోయర్ యుద్ధంలో చనిపోయిన కొందరికి క్రాస్ ఇవ్వడంతో, మరి మావాళ్ళ సంగతేంటని పాత కుటుంబాలు అడగడం మొదలైంది. మెల్విల్ భార్య సారా రాజుకే విన్నవించుకుంది. 1907 జనవరి 15న ఏడో ఎడ్వర్డ్ హయాంలో ఆరుగురికి ఒకేసారి ఇచ్చారు. అందులో ఇద్దరు మన 1857-58 నాటి పోరులో పోయినవాళ్ళు, ఒకరు 1897లో స్వాత్‌లో పోయిన లెఫ్టినెంట్ మాక్లీన్, ఒకరు 1896లో మటబెలె పోరులో పోయిన ట్రూపర్ బాక్స్‌టర్, మిగతా ఇద్దరు వీళ్ళు.

అందరూ ఒప్పుకోలేదు. కింద సిపాయిలు నడవలేక చస్తుంటే ఆఫీసర్లు గుర్రాలెక్కి రావడమేంటని జనరల్ వోల్స్‌లీ అప్పట్లోనే గొణిగాడు. మెల్విల్ సంగతిలో ఆ వాదనకి కొంత బలం ఉందనే నా అభిప్రాయం. జెండా కాపాడమని ఎవరైనా ఆజ్ఞ ఇచ్చారా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. కాగ్‌హిల్‌కి మాత్రం అది వర్తించదు. క్షేమంగా ఒడ్డు చేరినవాడు కుంటికాలితో వెనక్కి దిగాడంటే దానికి గుర్రంతో లెక్క లేదు.

ఇంకో సంగతి, మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఆ రోజు బ్రిటిష్ వైపు పోయినవాళ్ళలో వందలాది మంది నేటాల్ నేటివ్ కాంటింజెంట్‌లోని నల్లజాతి సిపాయిలు. ఆ దళం మెడల్ రోల్స్ తిరగేస్తే కనిపించేవి దాదాపుగా తెల్ల ఆఫీసర్ల, సార్జెంట్ల పేర్లే. ఎడెన్‌డేల్ గుర్రపు దళంలో సిమియన్ కంబూలే లాంటి ఒకరిద్దరికి పేరు, పతకం దక్కాయి, అతనికి సాహసానికి ఇచ్చే డీసీఎం వచ్చింది. అవతలి వైపు, ఆ రోజు దాడి చేసిన 20 వేల జులులలో మెప్పు పొందినవాళ్ళు ఇజికు అని చెక్కపూసల దండలు వేసుకునేవాళ్ళు. డర్బన్‌లోనూ ఉలుండిలోనూ మ్యూజియంలకి వెళ్తే అలాంటివి అడిగి చూడండి. ఆ పూసల మీద పేరు చెక్కి ఉండదు, కాబట్టి వాటికి వేలంపాట పిచ్చి ఇంకా పట్టలేదు.

చివరిగా, మీరు ఇండియాకి వచ్చేటప్పుడు ఇలాంటిది తెద్దామనుకుంటే రెండు జాగ్రత్తలు. అక్కడ మిలిటరీ వారసత్వ వస్తువులు దేశం దాటించడానికి సాహ్రా (దక్షిణాఫ్రికా వారసత్వ వస్తువుల ప్రభుత్వ సంస్థ) అనుమతి అవసరం పడొచ్చు, కొనే ముందే అడగండి, కొన్నాక కాదు. ఇక్కడ మన 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన మెడల్ యాంటిక్విటీ కిందకి వస్తుంది. ఒకసారి తెచ్చాక మళ్ళీ బయటికి పంపి అమ్ముకోవడం మామూలుగా కుదరదు. డర్బన్‌లో కొని హైదరాబాద్‌లో ఉంచి లండన్ వేలంలో అమ్ముదామనే ఆలోచన ఉంటే మానుకోండి.

ఆ వ్యాపారి ఒప్పుకుంటే ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి: సింహం కింద భాగం దగ్గరగా ఒకటి, అంచు నాలుగు ముక్కలుగా నాలుగు, పట్టీ వెనకవైపు ఒకటి. కాలిపర్‌తో మూడు చోట్ల కొలిచిన అంకెలు కూడా రాయండి. పేరులో అక్షరం కూడా మార్చకుండా అంచు మీద ఉన్నట్టే రాస్తే రోల్‌లో నేను చూసి చెప్తాను. అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.